సింహం ఆకలి ఎవరు తీర్చాలి?

నా మేనకోడలు కన్యస్త్రీ. కెన్యా దేశ రాజధాని నైరోబికి దక్షిణాన, కిటెంగెలా అనే పట్టణం దగ్గర ఒక చిన్న మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నది. "మామయ్యా, రిటైరయ్యారు గదా, ఒక్కసారి వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళండి" అని ప్రతి క్రిస్మసుకూ అడిగేది. చివరకు క్రిందటి సంవత్సరం జూలైలో బయలుదేరాను. నిజం చెప్పాలంటే, మేనకోడలిని చూడాలన్న కోరిక ఎంత ఉన్నదో సింహాన్ని చూడాలన్న కోరికా అంతే ఉన్నది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. 'స' అక్షరం దగ్గరకు వచ్చినప్పుడల్లా సింహం బొమ్మ చూపించి, గర్జించి, పిల్లల్ని నవ్వించినవాణ్ణి. కాని బోనులో లేని సింహాన్ని ఒక్కనాడూ చూసి ఎరుగను.

నైరోబి జాతీయ పార్కు 1946లో ఏర్పడింది. కెన్యా దేశంలో అదే మొదటి జాతీయ పార్కు. విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. నగరం నడిబొడ్డు నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు. పచ్చికలో జిరాఫీ మెడ సాచి నిలబడితే దాని వెనుక ఆకాశాన్నంటే మేడలు కనిపిస్తాయి. పార్కుకు అడ్డంగా ఎత్తైన స్తంభాల మీద రైలు పోతుంది. క్రింద జీబ్రాలు తల కూడా ఎత్తకుండా మేస్తుంటాయి. నగరం ఉన్న మూడు వైపులా కంచె ఉన్నది. దక్షిణం వైపు మాత్రం ఒక ఏరు తప్ప అడ్డు లేదు. వానలు పడినప్పుడు గడ్డి తినే జంతువులు ఆ ఏరు దాటి అవతలి మైదానాలకు వెళతాయి. వాటి వెనుకే సింహాలూ వెళతాయి. ఆ మైదానాలలోనే మసాయి ప్రజల ఇళ్ళు, మందలు ఉన్నాయి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను రాయబోయేదంతా ఆ కంచె లేని వైపును గూర్చే.

సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం అని అర్థం. అరబ్బీ నుంచి వచ్చిన మాట. మన హైదరాబాదులో వినిపించే 'సఫర్' అనే మాటకు చుట్టమే. సింహాన్ని వారు 'సింబా' అంటారు. మన సింహానికీ ఆ సింబాకూ మాత్రం చుట్టరికం లేదట, కేవలం పోలిక. ఇటువంటి కబుర్లతో తెల్లవారుజామున పార్కులో తిరుగుతూ ఉండగా మా డ్రైవరు బండి ఆపి, ఇంజను కట్టేసి, వేలు చూపించాడు.

పది గజాల దూరంలో, దారి పక్కన, ఒక ఆడ సింహం పడుకుని ఉన్నది. మూతి మీద ఈగలు. చెవి చివర చిన్న చీలిక. ఆవులించింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, మా బండి పక్కనుంచే నడిచి వెళ్ళింది. అది అడుగు వేస్తుంటే భుజం ఎముకలు చర్మం క్రింద కదలడం కూడా కనిపించింది. పోతూ పోతూ ఒక్కసారి నా కళ్ళలోకి చూసింది. చూసింది అనడం కూడా తప్పేమో! రాయిని చూసినట్లు, గాలిని చూసినట్లు, నన్ను దాటి చూసింది. నేను పండితుణ్ణయినా పామరుణ్ణయినా, భక్తుణ్ణయినా పాపినయినా దానికి ఒకటే. నా గుండె చప్పుడు నాకే వినిపించింది.

యోబు గ్రంథంలో దేవుడు యోబును ప్రశ్నలతో ముంచెత్తే ఘట్టం మనందరికీ తెలిసినదే. ఆ ప్రశ్నలలో ఒకటి సింహాన్ని గూర్చినది. ఆడ సింహానికి వేట సమకూర్చేది నీవా, గుహలో పొంచి ఉన్న దాని పిల్లల ఆకలి తీర్చేది నీవా అని దేవుడు అడుగుతాడు. యోబు దగ్గర జవాబు లేదు. సృష్టి అంతా మన కోసమే ఉన్నదని అనుకుంటాం గాని, మనకు ఏ విధంగానూ ఉపయోగపడని, మనల్ని లెక్కచేయని ప్రాణుల గూర్చి కూడా సృష్టికర్తకు చింత ఉన్నదని ఆ ప్రశ్న తెలియజేస్తుంది. ఆ ఉదయం బండిలో కూర్చుని నాకు అది అర్థమయిందనుకున్నాను. ఫోనులో ఇరవై ఫోటోలు తీసుకుని, కృతజ్ఞతాస్తోత్రం చెప్పుకుని, సంతోషంగా మఠానికి తిరిగి వచ్చాను.

అర్థమయింది సగమేనని ఆదివారం తెలిసింది.

దివ్యపూజ అయిన తరువాత మేనకోడలు నన్ను ఒక మసాయి కుటుంబం ఇంటికి తీసుకుపోయింది. రేకుల ఇల్లు. పక్కన ముళ్ళకంపతో గుండ్రంగా కట్టిన పశువుల దొడ్డి. ఇంటి పెద్ద ఒక అవ్వ. అరవై దాటి ఉంటాయి. మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి చిక్కటి పాలు పోసి కాచిన టీ ఇచ్చింది. మాటలు కలపాలని నేను ఫోను తీసి సింహం ఫోటో చూపించాను. మనుమడి ఫోటో చూపించినంత మురిపెంగా చూపించాను.

అవ్వ ఫోటో వంక చాలాసేపు చూసింది. తరువాత దొడ్డి వంక చూసింది. మేనకోడలి ముఖం మారిపోవడం నేను గమనించాను. అవ్వ స్వాహిలీలో ఏదో అన్నది. మేనకోడలు కాసేపు తటపటాయించి నాకు చెప్పింది: "మామయ్యా, పోయిన వారం రాత్రి వీళ్ళ పాడి ఆవును సింహం పట్టుకుపోయిందట. ఇప్పుడు మనం తాగే పాలు మిగిలిన ఒక్క ఆవువి."

నా చేతిలో గ్లాసు బరువెక్కింది. ఫోను జేబులో పెట్టేశాను.

దొడ్డి చుట్టూ చిన్న చిన్న బల్బులు కట్టి ఉన్నాయి. రాత్రివేళ అవి మార్చి మార్చి వెలుగుతుంటే సింహం దగ్గరకు రాదట. ఆ బల్బులకు కరెంటు ఇచ్చే బ్యాటరీ పాడయి పది రోజులయింది. కొత్తది కొందామని అవ్వ డబ్బు కూడబెడుతూ ఉన్నది. ఈలోగా సింహం వచ్చింది. ఆ ఉదయం సఫారీకి నేను ఖర్చు చేసిన డబ్బుతో ఆ బ్యాటరీ వచ్చి ఉండేదని తరువాత లెక్క వేసుకుంటే తెలిసింది.

అవ్వ తిట్టలేదు. సింహాలను చంపాలనీ అనలేదు. "మీ దేశంలో సింహాలు లేవా?" అని మాత్రం అడిగింది. గుజరాతులోని గిర్ అడవి ప్రాంతంలోనే ఉన్నాయని చెప్పాను. "మిగతా చోట్ల?" అన్నది. ఒకప్పుడు ఉత్తర భారతంలో చాలా చోట్ల తిరిగేవని, రాజులు, దొరలు వేటాడి వేటాడి చంపేశారని, గిర్‌లో మిగిలినవాటిని కాపాడగా 2025 లెక్కకు 891 అయ్యాయని చెప్పాను. అవ్వ తల ఊపి ఊరుకున్నది. ఆమె అనని మాట నాకు నేనే అనుకున్నాను. మా ఊళ్ళ చుట్టూ సింహం లేకుండా చేసుకుని, రూపాయి నోటు మీద సింహాల బొమ్మ వేసుకుని, హాయిగా నిద్రపోతూ, మీ దొడ్డి పక్కన తిరిగే సింహాన్ని చూడటానికి విమానమెక్కి వచ్చాను తల్లీ!

ఆ రాత్రి నాకు నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన కథ జ్ఞాపకం వచ్చింది. ఎన్నో మందలున్న ధనవంతుడు ఇంటికి వచ్చిన అతిథికి విందు చేయడానికి తన మందను ముట్టుకోక, పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒకే ఒక గొర్రెపిల్లను కోసి వండిస్తాడు. దావీదు మండిపడతాడు. ఆ మనిషివి నీవేనని ప్రవక్త అంటాడు. సఫారీ కూడా ఒక విందే గదా. కంటికి విందు. ఆ విందుకు పిలువబడిన అతిథిని నేను. కోయబడినది ఎవరి గొర్రెపిల్ల?

"సింహం ఆవును తింటే నీ తప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. నేను ఆవును దొంగిలించలేదు, సింహాన్ని తోలలేదు. నిజమే. కాని ఆ సింహం అక్కడ బ్రతికి ఉండాలని కోరుకునేవారిలో నేనూ ఒకణ్ణి. దాన్ని చంపితే వార్త చదివి బాధపడేవాణ్ణి. 2012 జూన్‌లో కిటెంగెలా ప్రాంతంలో మేకలను, గొర్రెలను చంపిన ఆరు సింహాలను ప్రజలు చుట్టుముట్టి బల్లేలతో పొడిచి చంపినప్పుడు లోకమంతా అయ్యో అన్నది. చచ్చిన మేకల కోసం అయ్యో అన్నవారు ఎందరు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, సింహాల మీద మన దయ అంతా పశువుల కాపరి దొడ్డిలోనుంచి ఇస్తున్నాం. ప్రశ్న సింహం బ్రతకాలా వద్దా అన్నది కాదు. బ్రతకాలని కోరుకునేవారు దాని ఖర్చులో తమ వంతు ఇస్తున్నారా అన్నది.

ఈ అన్యాయం ఈనాటిది కాదు. 1904లో, 1911లో చేసుకున్న ఒప్పందాల పేరుతో బ్రిటిషు పాలకులు మసాయి ప్రజలను వారి మంచి మేత భూములనుంచి తరలించారు. తరువాత జాతీయ పార్కులు ఏర్పడినప్పుడు ఇంకొంత మేత పోయింది. మన దేశంవారికి కూడా ఈ కథలో భాగమున్నది. 1898లో సావో అనే చోట రైలు వంతెన కడుతుండగా రెండు సింహాలు నెలల తరబడి కూలీలను గుడారాలలోనుంచి ఈడ్చుకుపోయాయి. చనిపోయినవారిలో మన దేశంనుంచి తీసుకుపోబడిన కూలీలు ఉన్నారు. సింహాలను చంపిన సైనికాధికారి పుస్తకం రాసి ప్రసిద్ధికెక్కాడు. ఆ సింహాలు ఇప్పటికీ అమెరికాలో చికాగో మ్యూజియంలో అద్దాల వెనుక నిలబడి ఉన్నాయి. ఆ కూలీల పేర్లు ఎందరికి తెలుసు? దొరలకు కీర్తి, పేదలకు సమాధి.

ఈ ప్రశ్నకు సులువైన జవాబులు రెండు వినిపిస్తాయి. రెండూ సగం సత్యాలే.

మొదటిది: "ముందు మనుషులు, తరువాతే జంతువులు. పేదవాడు పస్తులుంటే సింహాలకు ఖర్చేమిటి?" ఈ మాటలో బలమున్నది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం జంతువుల ఎడల దయ మన బాధ్యత అని, వాటిని నిష్కారణంగా బాధించరాదని చెబుతూనే, మనుషుల దైన్యాన్ని తీర్చడానికి ముందుగా చెందవలసిన డబ్బును జంతువుల మీద వెచ్చించడం తగదని కూడా హెచ్చరిస్తున్నది. కాని ఈ వాదన చేసేవారిలో చాలామంది పేదవాడి కోసమూ ఖర్చు చేయరు, సింహం కోసమూ చేయరు. పేదవాణ్ణి డాలులా అడ్డుపెట్టుకుని తమ జేబు కాపాడుకుంటారు. పైగా జలప్రళయం తరువాత దేవుడు చేసిన నిబంధన నోవా కుటుంబంతో మాత్రమే కాదు, ఓడలోనుంచి దిగిన ప్రతి ప్రాణితోనూ చేసినది. దానిలో సింహం లేదని చెప్పడానికి మనకు అధికారం ఎవరిచ్చారు?

రెండవది: "సింహాల వల్ల యాత్రికులు వస్తారు, డబ్బు వస్తుంది, అందరూ బాగుపడతారు." ఇదీ కొంత నిజమే. కాని ఆ డబ్బు టిక్కెట్ల దగ్గర, హోటళ్ళ దగ్గర, విమానాల దగ్గర ఆగిపోయి, ముళ్ళకంప దొడ్డి దాకా రాకపోతే ఎవరు బాగుపడినట్లు? ఇంకొక సంగతి. 2020లో కరోనా వచ్చి యాత్రికులు ఆగిపోయారు. సింహానికి ఆకలి ఆగిందా? డబ్బు తెస్తుంది గనుకనే ప్రాణి బ్రతకాలంటే, డబ్బు తేని రోజున దాన్ని ఏమి చేస్తాం? అదే లెక్క మంచాన పడిన తల్లిదండ్రులకు, పనిచేయలేని బిడ్డకు వర్తింపజేసే లోకంలో మనం ఉన్నాం. ప్రాణాన్ని రాబడితో కొలవడం జంతువుల దగ్గర ఆగదు.

అయితే దారి లేదా? ఉన్నది. ఆ దారి చూపినవాడు ఒక పశువుల కాపరి పిల్లవాడు కావడం నాకు దేవుని చిత్తంలా తోస్తుంది.

అతని పేరు రిచర్డ్ టురేరే. ఈ పార్కు అంచునే ఉండే మసాయి కుటుంబం. తొమ్మిదేళ్ళ వయసునుంచే తండ్రి మందను కాయడం అతని పని. సింహాలు మందమీద పడుతుంటే పిల్లవాడు వాటిని ద్వేషించాడు. నిప్పు పెట్టి చూశాడు. ఆ వెలుగులో సింహానికి దొడ్డి ఇంకా బాగా కనిపించిందట. దిష్టిబొమ్మ నిలబెట్టాడు. మొదటి రాత్రి వెనుదిరిగిన సింహం రెండవ రాత్రికి బొమ్మ కదలడం లేదని కనిపెట్టింది. ఒక రాత్రి టార్చిలైటు పట్టుకుని దొడ్డి చుట్టూ తిరుగుతుంటే సింహాలు రాలేదు. కదిలే వెలుగంటే వాటికి భయమని గ్రహించాడు. పాత కారు బ్యాటరీ, మోటారు సైకిలు ఇండికేటరు పెట్టె, పగిలిన టార్చీల బల్బులు, ఒక సోలారు పలక పోగుచేసి, రాత్రంతా మార్చి మార్చి వెలిగే దీపాలు అమర్చాడు. సింహం రావడం మానేసింది. అప్పటికి అతనికి పదకొండేళ్ళు. ఆ తరువాత ఇరుగుపొరుగు దొడ్లకూ అమర్చాడు. వారిలో పశువులెన్నిటినో పోగొట్టుకున్న ఒక అవ్వ కూడా ఉన్నది. 2013లో అమెరికాలో టెడ్ వేదిక మీద నిలబడి ఈ కథ చెప్పేనాటికి అతనికి పదమూడేళ్ళు. ఒకప్పుడు సింహాలను ద్వేషించినవాడు, ఇప్పుడు తన కనుగొన్నది తండ్రి ఆవులనూ సింహాలనూ రెంటినీ కాపాడుతున్నదని చెప్పాడు.

పెద్దలు పశువా, సింహమా అని వాదించుకుంటుంటే ఆ పిల్లవాడు రెంటికీ చోటు చేశాడు. కాని గమనించండి. ఆ దీపానికి బ్యాటరీ కావాలి. బ్యాటరీకి డబ్బు కావాలి. మా అవ్వ కథ అక్కడే ఆగింది. తెలివి పేదవాడు ఇచ్చాడు, కష్టం పేదవాడు పడుతున్నాడు. బ్యాటరీ కూడా అతనే కొనాలా?

చట్టాలు లేకపోలేదు. అడవి జంతువు వల్ల మనిషి చనిపోతే కుటుంబానికి 50 లక్షల కెన్యా షిల్లింగుల పరిహారం అని 2013 నాటి చట్టం చెబుతున్నది. పశువులకూ, పంటకూ కూడా పరిహారం ఉన్నది. కాని ఆ డబ్బు కోసం కుటుంబాలు సంవత్సరాల తరబడి ఎదురుచూస్తున్నాయి. 2000లో కిటెంగెలా మైదానాలలో ఒక మంచి పని మొదలైంది. భూమికి కంచె వేయకుండా జంతువులకు దారి వదిలినవారికి ఎకరానికి ఏటా 4 డాలర్లు కౌలు ఇచ్చారు. చిన్న మొత్తమే. అయినా కొన్నేళ్ళు నడిచింది, ఎన్నో ఇళ్ళలో పిల్లల ఫీజులకు ఆధారమయింది. అది భిక్ష కాదు. సింహానికి అన్నం పెడుతున్నవారికి లోకం తిరిగి ఇవ్వవలసిన బాకీ.

బాకీ అన్న మాట కావాలనే వాడుతున్నాను. నేను తిరిగి వచ్చే ముందు మేనకోడలి చేత ఆ దొడ్డికి కొత్త బ్యాటరీ తెప్పించాను. ఇందులో గొప్ప ఏమీ లేదు. పోయిన ఆవు తిరిగి రాదు, ఇంకా వందల దొడ్లున్నాయి. అవ్వ కృతజ్ఞతలు చెప్పబోతే నాకు సిగ్గయింది. దానం చేసినవాడికి కృతజ్ఞత చెందుతుంది గాని, అప్పు తీర్చినవాడికి కాదు. పార్కులో టిక్కెట్టు కొని సింహాన్ని చూశాననుకున్నాను. టిక్కెట్టు బండికీ బాటకూ సరిపోయింది. సింహం వెల మాత్రం అవ్వ చెల్లించింది.

2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు సృష్టి సంరక్షణపై విశ్వలేఖ రాశారు. భూమి మొర, పేదల మొర వేరు వేరు కావని, రెంటినీ కలిపి వినాలని అందులో మనకు నేర్పారు. అదే సంవత్సరం నవంబరులో వారు నైరోబికి వచ్చి, నగరం అంచున మురికివాడలోని పేదలనూ కలుసుకున్నారు. ఒకే నగరం. ఒక అంచున సింహాలు, ఒక అంచున పేదలు. ఒకరిని చూడటానికి వెళ్ళి రెండవవారిని చూడకుండా తిరిగి వచ్చేవారే ఎక్కువ. నా మేనకోడలు తీసుకుపోకపోతే నేనూ అంతే.

ఆఫ్రికా దాకా పోయేది మనలో ఎందరు అనవద్దు. మన చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. పలమనేరు, కుప్పం వైపు ఊళ్ళలో ఏనుగులు చెరకు తోటలలో, వరి మడులలో పడి ఒక్క రాత్రిలో సంవత్సరం కష్టాన్ని తొక్కేస్తాయి. ప్రాణాలు పోయిన రైతులున్నారు. కరెంటు తీగలకు తగిలి చచ్చిన ఏనుగులూ ఉన్నాయి. పేపరులో ఏనుగు చచ్చిన ఫోటో చూస్తే మన కళ్ళు చెమ్మగిల్లుతాయి. తప్పు లేదు. కాని ఆ కన్నీటిలో రైతుకు కూడా వంతు ఉండాలి. ఏనుగును చంపవద్దని రైతుకు చెప్పే ముందు, రైతు నష్టంలో నా వంతు ఎంత అని అడుక్కోవాలి. పరిహారం ఆలస్యమైతే గ్రామస్థులతో కలిసి అర్జీ రాసే చదువుకున్నవారు మన విచారణలలో లేరా?

ప్రియ పాఠకులారా, ఆ ఆడ సింహం ఫోటో ఇప్పుడు మా ఇంటి గోడ మీద ఉన్నది. దాని పక్కనే ఇంకొక ఫోటో పెట్టాను. ముళ్ళకంప దొడ్డి, దాని ముందు అవ్వ, ఆమె చెయ్యి ఆనించి నిలబడిన ఒక్క ఆవు. మనుమలు వచ్చినప్పుడు సింహం దగ్గరకే పరుగెత్తుతారు. గర్జించమంటారు. గర్జిస్తాను. తరువాత రెండవ ఫోటో దగ్గరకు తీసుకుపోయి ఆ కథ కూడా చెబుతాను. మా చిన్న మనుమరాలు మొన్న అడిగింది: "తాతయ్యా, మరి సింహానికి ఆకలేస్తే ఎవరు పెట్టాలి?"

యోబుకు వేసిన ప్రశ్నే. దేవుడు పెడతాడమ్మా అని చెప్పి తప్పించుకోవచ్చు. కాని దేవుడు ఇప్పటిదాకా ఎవరి చేత పెట్టిస్తున్నాడో నేను చూసి వచ్చాను. అందుకని, "అందరం కలిసి పెట్టాలి తల్లీ, ఒక్క అవ్వ మీదే వదిలేయకూడదు" అని చెప్పాను.